హగ్గయి, జెకర్యా జనాన్ని గద్దించారా, ధైర్యం చెప్పారా? స్త్రీల కూటంలో వాక్యం చెప్పాలి, సాయం చేయండి

టంగుటూరు సోదరి:

అందరికీ వందనాలు. మాది టంగుటూరు దాటాక కొండపి వైపు ఒక ఊరు. వచ్చే నెలలో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిపి స్త్రీల కూటం పెడుతున్నాం. వాక్యం నన్ను చెప్పమన్నారు. అంశం కూడా వాళ్లే ఇచ్చారు: చెర నుంచి తిరిగొచ్చిన యూదులు మందిరం కట్టుకునే రోజుల్లో హగ్గయి, జెకర్యా అనే ప్రవక్తలు వాళ్లను ఎలా ప్రోత్సహించారు.

మా పరిస్థితి చెప్తే నా టెన్షన్ ఏందో మీకు అర్థమవుతుంది. మిషనరీల కాలం నాటి మా పాత గుడి బీటలిచ్చిందని పడగొట్టాం. సున్నపు గోడలు, టేకు దూలాలు. కొత్తది లింటెల్ దాకా లేచి ఆగిపోయింది. పైకి తేలిన ఊచలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి, యూరియా గోతాలు చుట్టి తాళ్లు కట్టాం. ఆరాధన ఒక అన్నవాళ్ల బ్యారన్ (పొగాకు కాల్చే గది) పక్కన పందిట్లో చేసుకుంటున్నాం. బ్యారన్ మండే రోజుల్లో ఆ వేడికి పిల్లలు కూర్చోలేరు. పాత గుడిలో పెళ్లిళ్లు చేసుకున్న పెద్దవాళ్లు ఆ మొండి పిల్లర్లు చూసినప్పుడల్లా "అదే బాగుండె, ఎందుకు పడగొట్టారో" అంటారు.

పోయిన సీజన్లో పొగాకు వేలంలో చాలామంది బేళ్లు కొనేవాళ్లు లేక వెనక్కొచ్చాయి. శనగ వేసినవాళ్లకూ కలిసిరాలేదు. సరిగ్గా అప్పుడే బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు హగ్గయి మొదటి అధ్యాయం తీసి, దేవుని ఇల్లు మొండిగోడలతో వదిలేసి మీ పొలాలు పండాలంటే ఎట్లా పండుతాయని అడిగారు. నా పక్కన కూర్చున్న ఆమె, భర్త పోయాక పొలం కౌలుకు తీసుకుని చేసుకుంటోంది. ఉండేది రేకుల ఇల్లు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. చాలా వారాలు మళ్లీ ఆరాధనకు రాలేదు.

ఇప్పుడు అదే పుస్తకం పట్టుకుని ఆమె ముందు నేను నిలబడాలి. ఆ ప్రవక్తలు నిజంగా చేసింది ఇదేనా? గద్దించి పని చేయించారా? ప్రోత్సాహం అంటే అందులో ఎక్కడ ఉంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

ఒంగోలు తమ్ముడు:

వందనాలు అక్కా. హగ్గయి ఎందుకు, నెహెమ్యా తీసుకోండి. ఆరో అధ్యాయంలో 52 రోజుల్లో గోడ అయిపోయింది. ఎవరింటి ఎదురు వాళ్లు కట్టుకున్నారు. మూడో అధ్యాయంలో షల్లూము అనే అతని కూతుళ్లు కూడా కట్టారని ఉంది, స్త్రీల కూటానికి బాగుంటుంది. మా యూత్ మీటింగ్‌లో అదే చెప్పాం, బాగా వచ్చింది.

కావలి మాస్టారు:

తమ్ముడూ, షల్లూము కూతుళ్ల సంగతి మంచిది, అమ్మ రాసిపెట్టుకోవాలి. కానీ నెహెమ్యా కట్టింది పట్టణపు గోడ. అది పారసీక రాజు అర్తహషస్త 20వ ఏట, క్రీ.పూ. 445లో. హగ్గయి, జెకర్యా నిలబడింది మందిరం దగ్గర, దర్యావేషు రాజు రెండో ఏట, అంటే క్రీ.పూ. 520లో. రెండింటికీ మధ్య 75 ఏళ్ల ఎడం ఉంది. పైగా నెహెమ్యా అధికారి. రాజుగారి ఉత్తరాలు చేతిలో పెట్టుకుని వచ్చాడు. మన అంశం ప్రవక్తలు. వాళ్ల చేతిలో ఉత్తరం లేదు, రూపాయి లేదు.

అమ్మా, నేను రిటైరైన టీచర్ని. మా చర్చిలో సండే స్కూల్ చాలా కాలంగా చూస్తున్నాను. హగ్గయి పుస్తకం రెండే అధ్యాయాలు, కానీ ప్రతి మాటకూ తేదీ వేసి ఉంది. నోటుబుక్కులో ఆ తేదీలు వరసగా రాసుకుంటే మీ ప్రశ్నకు జవాబు దాదాపు అక్కడే దొరుకుతుంది.

ముందు కథ కొంచెం వెనక నుంచి చెప్పుకోవాలి. క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం సొలొమోను కట్టిన మందిరాన్ని తగలబెట్టి, జనాన్ని బబులోనుకు చెరపట్టుకుపోయింది. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. మరుసటి ఏడు, వెళ్లి మీ మందిరం కట్టుకోండి అని సెలవిచ్చాడు. ఎజ్రా లెక్క ప్రకారం 42,360 మంది తిరిగొచ్చారు. బలిపీఠం కట్టారు, పునాది వేశారు. పునాది వేసిన రోజున పాత మందిరం చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు, మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది కేకో దూరం నుంచి వినేవాళ్లకు తెలియలేదట. ఆ తర్వాత చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడ్డారు, పని ఆగింది. ఆగడం అంటే ఒక సీజనో రెండు సీజన్లో కాదు, పదిహేనేళ్ల పైమాటే. పునాది మీద గడ్డి మొలిచి ఉంటుంది. పిల్లలు దాన్ని అట్లాగే చూస్తూ పెద్దవాళ్లయి ఉంటారు.

ఇప్పుడు తేదీలు. ఆరో నెల మొదటి రోజు హగ్గయి నోరు విప్పాడు. మన ఆగస్టు చివర అనుకోండి. గోధుమ, యవల కోతలు అప్పటికి అయిపోయాయి. ఎంత పండిందో ఎవరింట్లో వాళ్లకు తెలిసిపోయిన సమయం. మీరు సరంబీ వేసిన (చెక్క పలకలతో తీర్చిన) ఇళ్లలో ఉన్నారు, మందిరం పాడుగా ఉంది, ఇది తగునా అని అడిగాడు. జీతం చినిగిన సంచిలో వేసినట్టు పోతోందన్నాడు. మీ ప్రసంగీకుడు చదివింది ఇదే. ఇది గద్దింపే, కాదనలేం.

కానీ మొదటి వచనం ఒకసారి చూడండి. ఆ మాట ముందుగా ఎవరికి వచ్చింది? అధికారి జెరుబ్బాబెలుకు, ప్రధానయాజకుడు యెహోషువకు. పేర్లు, తండ్రుల పేర్లతో సహా ఉంది. బాధ్యత ఉన్నవాళ్లతో మొదలైంది. తర్వాత సరంబీ ఇళ్లవాళ్లు. రేకుల ఇంట్లో ఉంటూ కౌలుకు చేసుకునే విధవరాలిని నిలబెట్టి అన్న మాట కాదది. పైగా ఆయనతో పాటే లేచిన జెకర్యా ఏడో అధ్యాయంలో ఏమన్నాడు? విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను, పరదేశులను, దరిద్రులను బాధపెట్టవద్దన్నాడు. హగ్గయి ఒకటో అధ్యాయం చదివినవాళ్లు ఈ పక్క పేజీలు కూడా తిప్పి ఉంటే ఆ రోజు ఆ అమ్మ లేచి వెళ్లేది కాదేమో.

ఆ గద్దింపు ఎన్ని రోజులు నడిచింది? జనం విన్నారు, భయపడ్డారు. వెంటనే వచ్చిన మాట: నేను మీకు తోడుగా ఉన్నాను. ఆరో నెల 24కి పని మొదలైపోయింది. అంటే 23 రోజులు. కర్ర తేవడానికి కొండెక్కడం, రాళ్లు పోగుచేసుకోవడం, మనుషుల్ని కూర్చుకోవడం అంతా ఆ లోపలే అయి ఉండాలి. ఆ తర్వాత సరంబీ ఇళ్ల ఊసే ఆయన ఎత్తలేదు. అసలు ప్రోత్సాహం ఇక్కడి నుంచే ఉంది.

ఏడో నెల 21. పని మొదలుపెట్టి నెల కూడా నిండలేదు. ఆ నెలంతా పండుగలే: బూరల పండుగ, ప్రాయశ్చిత్త దినం, తర్వాత పర్ణశాలల పండుగ. 21 అంటే పర్ణశాలల్లో ఏడో రోజు. కోతల పండుగ, కానీ కోతలు సరిగా లేవు. ఇంకొకటి గమనించండి, సొలొమోను తన మందిరాన్ని ప్రతిష్ఠించింది కూడా ఏడో నెలలోనే. కాబట్టి ఆ రోజున పనిస్థలంలో నిలబడి ఆ రాళ్ల గుట్టను చూస్తే పెద్దవాళ్లకు ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? మీ ఊరి పెద్దలు సున్నపు గోడల గురించి చెప్పుకుంటున్నట్టే.

హగ్గయి ఆ గొణుగుడును నోరు మూయమనలేదు. తనే బయటికి తీశాడు. మీలో ఆ పాత మందిరపు మహిమ చూసినవాళ్లు ఎవరున్నారు, ఇది దానితో పోలిస్తే ఎందుకూ పనికిరానట్టు కనిపించడం లేదా అని అడిగాడు. అప్పటికి మందిరం కాలి 66 ఏళ్లు. చూసినవాళ్లంటే డెబ్బై దాటినవాళ్లే. వాళ్ల బాధను అందరి ముందు ఒప్పుకున్నాక, ముగ్గురికీ విడివిడిగా ధైర్యం చెప్పాడు: జెరుబ్బాబెలూ ధైర్యం తెచ్చుకో, యెహోషువా ధైర్యం తెచ్చుకో, దేశంలో ఉన్న సమస్త జనులారా ధైర్యం తెచ్చుకుని పని చేయండి. నేను తోడున్నాను. వెండి నాది, బంగారం నాది. ఈ కడవరి మందిరపు మహిమ మునుపటిదానికంటే ఎక్కువ అవుతుంది. నన్నడిగితే మీ కూటానికి గుండెకాయ ఈ ఒక్క రోజే. దీని మీద ఎక్కువసేపు ఉండండి.

తొమ్మిదో నెల 24. డిసెంబరు. తొలకరి పడి విత్తనాలు వేసే కాలం. కొట్లలో గింజ ఉందా అని అడిగాడు. ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ ఏదీ కాయలేదు గదా, అయినా ఈ రోజు మొదలుకొని నేను మిమ్మల్ని ఆశీర్వదిస్తానని దేవుని మాటగా చెప్పాడు. పైరు మొలవక ముందు చెప్పిన మాట అది. విత్తనం వేసి ఆకాశం వైపు చూసే మనిషికి అది ఎట్లా వినపడి ఉంటుందో మన రైతులకు నేను చెప్పనక్కర్లేదు.

సింగరాయకొండ పెద్ద:

మాస్టారూ, మీరు చెప్పినవి బాగున్నాయి. నేను మా సంఘంలో కన్‌స్ట్రక్షన్ కమిటీలో ఉన్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఉన్నవాళ్లు ఇవ్వరు. పిల్లల పెళ్లిళ్లకు ఏసీ ఫంక్షన్ హాలు, గుడి స్లాబ్‌కు మాత్రం వచ్చే ఏడు చూద్దాం. ఇట్లాంటివాళ్లకు హగ్గయి ఒకటో అధ్యాయం చదవకపోతే ఇంకేం చదవాలి? వానలు ఆగింది మందిరం పాడుగా ఉన్నందుకే అని 1:9 నుంచి 11 వరకు స్పష్టంగా ఉంది. ప్రోత్సాహం పేరుతో దాన్ని దాటేస్తే వాక్యాన్ని కోసినట్టు కాదా?

కావలి మాస్టారు:

పెద్దాయనా, దాటేయమని నేను అనను. ఆ వచనాలు ఉన్నాయి, చదవాలి. ఫంక్షన్ హాలువాళ్ల ముందు, వాళ్ల మొహం చూసి చదవండి, నేను మీ పక్కన నిలబడతాను. నా బాధ వేరు. హగ్గయికి ఆ కరువు సంగతి దేవుడు చెప్పి పంపాడు, ఆ జనానికి, ఆ ఏడాదికి. వేలంలో ఎవరి బేళ్లు ఎందుకు వెనక్కొచ్చాయో మనకెవరూ చెప్పి పంపలేదు. గిరాకీ లేక వచ్చాయో, ఆకు రంగు బాగాలేక వచ్చాయో రైతుకు తెలుసు. ఎదుటివాడి పొలం ఎండితే అతని పాపమే అని తేల్చడం యోబు స్నేహితులు చేసిన పని. వాళ్లు సరిగా మాట్లాడలేదని దేవుడే వాళ్ల మీద కోపపడ్డాడు, మీకు తెలియనిది కాదు.

నెల్లూరు పాఠకుడు:

వందనాలు. చరిత్ర అంటే ఇష్టంతో ఈ కాలం గురించి కొంత చదివాను. మాస్టారు చెప్పినదానికి రెండు సంగతులు కలుపుతాను.

దర్యావేషు క్రీ.పూ. 522లో గద్దెనెక్కాడు. ఎక్కీ ఎక్కగానే బబులోనుతో సహా చాలా దేశాలు తిరగబడ్డాయి. వాటిని ఎలా అణిచాడో బెహిస్తూన్ కొండ మీద చెక్కించుకున్నాడు కూడా. సామ్రాజ్యం అంతా అట్లా అనుమానంగా చూసే రోజుల్లో యెరూషలేములో పెద్ద కట్టడం లేస్తే పై అధికారి ఊరుకుంటాడా? యూఫ్రటీసు నది ఇవతలి ప్రాంతాల అధికారి తత్తెనయి దిగాడు. ఎవరు కట్టమన్నారు, ఎవరెవరు కట్టిస్తున్నారు, పేర్లు చెప్పమన్నాడు. ఎజ్రా ఐదో అధ్యాయం. పెద్దలు పేర్లు దాచలేదు, పనీ ఆపలేదు. తత్తెనయి రాజుకు ఉత్తరం రాశాడు. పాత రికార్డులు వెతికిస్తే మాదీయుల దేశంలోని అహ్మెతా కోటలో కోరెషు ఆజ్ఞ ఉన్న చుట్ట దొరికింది. దాంతో దర్యావేషు, ఖర్చంతా మన పన్నుల సొమ్ములోంచి ఇవ్వండి, బలులకు ఎడ్లు, గోధుమలు, ఉప్పు, ద్రాక్షారసం, నూనె కూడా ఇవ్వండి అని రాశాడు.

ఇందులో వరస చూడండి. ముందు ప్రవక్తల మాట. తర్వాత జనం పని. ఆ తర్వాత ఎంక్వైరీ. చివర్లో డబ్బు. శాంక్షన్ వచ్చాక మొదలుపెట్టింది కాదు. దర్యావేషు ఆరో ఏట అదారు నెల మూడో రోజున, క్రీ.పూ. 515లో, మందిరం పూర్తయింది. మొత్తం నాలుగున్నర ఏళ్లు.

రెండోది ఎజ్రా 5:2. జెరుబ్బాబెలు, యెహోషువ కట్టడం మొదలుపెట్టారు, దేవుని ప్రవక్తలు వాళ్లతో కూడా ఉండి సహాయం చేశారని ఉంది. ఒక రోజు వచ్చి చెప్పి కారెక్కి వెళ్లిపోయినవాళ్లు కాదు. తత్తెనయి వచ్చినప్పుడు కూడా అక్కడే ఉన్నారని నేను అనుకుంటున్నాను.

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది కాబట్టి చెప్తున్నా. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఆకలితో ఉన్నవాళ్లకు ప్రసంగాలతో సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుగా తీసుకుని వాళ్లకు కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంతకాలం బాప్తీస్మాలు ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. మీ కూటంలో ఉండే చాలామందికి ముత్తాతల కథ అది.

టంగుటూరు సోదరి:

మాస్టారూ, అన్నా, చాలా థాంక్స్. ఏడో నెల 21 సంగతి ఇన్నిసార్లు చదివినా నేను పట్టించుకోలేదు. మా పెద్దవాళ్లు అక్కడే ముందు వరసలో కూర్చుంటారు, వాళ్లకు ఆ వచనం చదవాలని ఇప్పుడే చాలా ఆశగా ఉంది. ఇంకో రెండు అడుగుతాను. జెకర్యాలో గుర్రాలు, కొమ్ములు, ఎగిరే పుస్తకం, ఇవన్నీ ఉన్నాయి. ఆడవాళ్లకు గంటలో అర్థమయ్యేలా ఏది తీసుకోవాలి? రెండోది, ఈ సీజన్ పంట బాగుంటుంది అని చెప్పవచ్చా? అందరూ ఆ ఒక్క మాట కోసమే వస్తారు.

కావలి మాస్టారు:

జెకర్యా ఎనిమిదో నెలలో మొదలుపెట్టాడు. ఆ దర్శనాలన్నీ పదకొండో నెల 24వ రాత్రి ఒక్కసారే చూశాడు. అన్నీ వద్దు, మూడు, నాలుగు, ఎనిమిది అధ్యాయాలు చాలు.

మూడో అధ్యాయంలో ప్రధానయాజకుడు యెహోషువ మురికి బట్టలతో నిలబడి ఉంటాడు. పక్కన సాతాను నేరం మోపడానికి నిలబడతాడు. అక్కడ దేవుడు గద్దించింది యెహోషువను కాదు, నేరం మోపేవాడిని. తర్వాత ఆ మురికి బట్టలు తీయించి మంచివి తొడిగించాడు, తల మీద పాగా పెట్టించాడు. ఆ దూతలు బట్టలు తొడుగుతున్న దృశ్యాన్ని నిదానంగా చదవండి. తిట్టు తిని వెళ్లిపోయిన మనిషికి ఇది వినపడాలి.

నాలుగో అధ్యాయం జెరుబ్బాబెలుకు. శక్తిచేతనైనను బలముచేతనైనను కాక నా ఆత్మచేతనే అన్న మాట మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఉంటుంది. దాని కిందే ఇంకో మాట ఉంది: జెరుబ్బాబెలు చేతులు పునాది వేశాయి, అతని చేతులే ముగిస్తాయి. పదిహేనేళ్లకు పైగా పని ఆగిపోయిన మనిషికి అన్న మాట అది. కార్యములు అల్పములై ఉన్న కాలాన్ని తృణీకరించినవాడెవడు అని అడిగింది కూడా అక్కడే. యూరియా గోతాలు చుట్టిన మీ పిల్లర్ల దగ్గర అది చదివితే ఎవరికీ వివరించే పని ఉండదు.

ఎనిమిదో అధ్యాయంలో ముసలివాళ్లు, ముసలమ్మలు చేతికర్రలు పట్టుకుని యెరూషలేము వీధుల్లో కూర్చుంటారు, ఆ వీధుల్లోనే మగపిల్లలు ఆడపిల్లలు ఆడుకుంటారు. ప్రవక్త మందిరం గురించి మాట్లాడుతూ ఊరు ఎట్లా ఉంటుందో చూపించాడు. అంతకుముందు మనిషికీ కూలి లేదు, పశువుకీ బాడుగ లేదు అని వాళ్ల కష్టం కూడా అక్కడే ఒప్పుకున్నాడు.

పంట సంగతి. మాట ఇవ్వకండి అమ్మా. వేలం రేటు మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు. హగ్గయి 1:13 చదవండి, నేను మీకు తోడుగా ఉన్నాను. జనం ఇంకా ఒక్క రాయి కూడా ఎత్తకముందు వచ్చిన మాట అది. కానుక ఇచ్చాక రాలేదు, పని అయ్యాక రాలేదు. ఆ అమ్మకు కూటం రోజు దాకా ఆగకుండా ముందే ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. వీలైతే ఎనిమిదో అధ్యాయం ఆమెతోనే చదివించండి కూటంలో.

టంగుటూరు సోదరి:

ఆమె బాగా చదువుతుంది మాస్టారూ. రేపు సాయంత్రం పొలం నుంచి వచ్చాక వెళ్తాను. మా అమ్మగారికి కూడా చెప్పి తోడు తీసుకెళ్తాను.